నాలుగో గీత

పోయిన వారం మంగీలాల్‌ను దుమ్ముగూడెం రోడ్డు మీద, మొరంలో గొంతుక్కూర్చున్నవాణ్ణి అలాగే వదిలేసి వచ్చాం. అతనక్కడ ఏం చూశాడో చెప్పకుండా వచ్చామని కోప్పడుతూ ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. కోపం న్యాయమే. చెబుతాను.

గట్టిగా బ్రేకు తొక్కితే కారు నాలుగు చక్రాలూ బిగుసుకుని నేలను గీరుకుంటూ పోతాయి. మొరం రోడ్డు మీద నాలుగు గీతలు పడతాయి. అక్కడ మూడే ఉన్నాయి. ఎడమవైపు ముందు చక్రం గీత లేదు. అది ఆగలేదు, తన దారిన తాను దొర్లుకుంటూ పోయింది. మూడు ఆగి ఒకటి ఆగకపోయేసరికి బండి కుడికి గిర్రున తిరిగి, ఎడమ డొక్కతో పోయి టేకు చెట్టును గుద్దుకుంది. ఎడమ సీట్లో దారి కాగితాలు పట్టుకుని కూర్చున్నవాడు జైరాం, మంగీలాల్ తోడబుట్టిన తమ్ముడు. ఇరవై రెండేళ్ల పిల్లాడు. భద్రాచలం దవాఖానా గేటు దాటకముందే పోయాడు. బండి నడిపిన వెంకటరామారావు, ఏన్కూరు చెంచురామయ్యగారి అబ్బాయి, కాలు విరిగి బతికాడు.

ఆ బండికి బ్రేకులు కట్టింది మంగీలాల్.

అది జరిగి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. మంగీలాల్ ఏడవలేదు. పెళ్లికాని తమ్ముణ్ణి తండా ఆచారం ప్రకారం గుంటలో దించి మట్టి పోసినప్పుడు కూడా ఏడవలేదు. ఏడవనందుకు నలుగురూ నాలుగు మాటలన్నారు. కుండకు మూకుడుంది గానీ లోకానికి మూకుడు లేదు కదా. నిజం చెప్పాలంటే అతనికి ఏమీ అనిపించడం లేదు. జ్వరమొచ్చినవాడి నాలుకకు ఉప్పు తెలియనట్టు, దుఃఖం దుఃఖంగా తెలియడం లేదు. లేస్తున్నాడు, ముఖం కడుక్కుంటున్నాడు, భార్య చాంది పెట్టింది తింటున్నాడు. ఆమెకు భయం వేసి, ఒకరోజు అతని భుజం పట్టుకుని గట్టిగా ఊపింది. అతను ఊగాడు, అంతే.

తల్లి గోరి మాత్రం మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అతను తోడి తెచ్చిన నీళ్లు ముట్టదు. అతను గుడిసెలోకి వస్తే కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరుగుతుంది. ఆ చేత్తో బిగించిన చక్రమే తన చిన్నకొడుకును తీసుకుపోయిందని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతే కాదు, తండా అంతా అదే అనుకుంటోంది. మంగీలాల్ కూడా అదే అనుకుంటున్నాడేమో, అతనికే తెలియదు. తేలవలసింది ఒక్కటే. ఆ చక్రం ఎందుకు ఆగలేదు? తప్పు అతని చేతిదా, కాదా?

అది తేల్చడానికి ఖమ్మం నుంచి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు.

* * *

చెంచురామయ్య గారి షెడ్డు ఏన్కూరు ఊరి చివర, పొగాకు బ్యారన్ పక్కన ఉంది. కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ అడవి కొట్టి పొలం చేసుకున్న కుటుంబం వాళ్లది. ట్రాక్టర్లుండేవి ఆ షెడ్డులో. మూడేళ్ల కిందట, డెబ్బై ఆరులో, వెంకటరామారావు హైదరాబాదు నుంచి ఒక పాత హెరాల్డ్ కారు తోలుకొచ్చాడు. రెండే తలుపులు, ముందుభాగం మొత్తం మూతలా ముందుకు లేచే బోనెట్టు. ట్రాక్టర్లు బాగుచేస్తున్న మంగీలాల్‌ను పిలిచి, "మంగీ, దీన్ని గుర్రం చేద్దాం" అన్నాడు.

చేశారు. ఇంజను హెడ్డు విజయవాడలో లేతు మీద చెక్కించారు. ఒక కార్బురేటర్ ఉండే చోట రెండు బిగించారు. వెనక సీటు పీకేశారు. మలుపుల్లో వెనక చక్రాలు కాళ్లు ముడుచుకుంటున్నాయని కమాను కట్టలో ఆకులు తీసి, కొలిమిలో వంపు మార్చి, మళ్లీ మళ్లీ కట్టాడు మంగీలాల్. అడవి దారిలో రాళ్లకు ఇంజను అడుగు పగలకుండా కింద మందపాటి రేకు వేశాడు. చదివింది అయిదో తరగతి. సాయంత్రం బండి తిరిగొస్తే, అది గేటు దగ్గర ఉండగానే చప్పుడు విని, "మూడో సిలిండరు వాల్వు టైటుంది చినబాబూ" అనేవాడు. విప్పి చూస్తే నిజమే అయ్యేది. నవంబరులో జరిగే గోదావరి ర్యాలీకి పేరు ఇచ్చారు. పక్క సీట్లో కూర్చుని మలుపులు చదివి చెప్పడానికి, ఇంటర్ దాకా చదువుకున్న జైరాం కుదిరాడు.

గుర్రమైతే అయింది. ఇప్పుడది లారీ మీద వచ్చి, చుట్టూ తాడు కట్టించుకుని, డొక్క లోపలికి పోయి షెడ్డు మధ్యలో పడి ఉంది. ఎవరూ ముట్టకూడదని పోలీసుల మాట.

పది గంటలకు ఇన్‌స్పెక్టర్ దిగాడు. సన్నగా, పొట్టిగా, చేతిలో కాగితాల అట్ట పట్టుకుని ఉన్నాడు. చెంచురామయ్య ఎదురెళ్లి, కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, తన మాట తాను మొదలుపెట్టాడు. వాళ్లబ్బాయి ఆ దారిలో వంద సార్లు నడిపినవాడనీ, దూకుడు మనిషి కాదనీ, బ్రేకు పట్టలేదని స్పృహ రాగానే చెప్పాడనీ. ఆయన తాపత్రయం ఆయనది. తప్పు బ్రేకుది కాదంటే కొడుకు మీద కేసు. బ్రేకుదైతే కట్టినవాడి మీద కేసు. మధ్యేమార్గం అనేది లేదు.

"మా వాడని చెప్పటం కాదండీ. మంగీ కూడా మా ఇంటి మనిషే. కానీ ఉన్నమాట ఉన్నట్టు రాయాలి గదా" అన్నాడు చివరికి, మంగీలాల్ వైపు చూడకుండా.

పిండికట్టు కాలు బల్ల మీద చాపుకుని పక్కనే ఉన్న వెంకటరామారావు తల ఎత్తలేదు. ఆ పిల్లాడూ ఈ పద్దెనిమిది రోజుల్లో సగమయ్యాడు. అతని వెనక తల్లి భారతమ్మ నిలబడి ఉంది. జైరాం పోయిన రోజు ఈ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదని తండాలో కూడా చెప్పుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగాడు. లోపలికి వంగి చేత్తో బ్రేకు పెడలు నొక్కాడు. గట్టిగానే ఉంది. గొట్టాలు చూశాడు, ఎక్కడా కారలేదు. అప్పుడు మంగీలాల్‌ను పిలిచాడు.

"ఎవరు కట్టిన్రో వాళ్లే విప్పాలె. ముందు ఎడమ చక్రం. జల్దీ."

మంగీలాల్ జాకీ పెట్టి లేపాడు. నట్లు తీశాడు. చక్రం పక్కకు దొర్లించాడు. బయటపడిన డ్రమ్ము మీద ఎండిపోయిన బొట్టు ఒకటి ఉంది, నడుమ గుండ్రంగా. దాన్ని చూసి అతను ఒక్క క్షణం ఆగాడు. ఆయుధపూజ నాటి బొట్టు అది.

ఇక్కడ ఆ పూజ సంగతి చెప్పకపోతే మీకు ముందు అర్థం కాదు. పండగకు పానాలన్నీ కడిగి పీట మీద పెట్టాలి. పీట ఎక్కిన పానాను దసరా పొద్దుటి దాకా ముట్టకూడదు. ఇనుముకూ ఒక రోజు సెలవు. ఈసారి కొత్త లైనర్లు, అంటే బ్రేకు తొక్కినప్పుడు డ్రమ్మును లోపలినుంచి పట్టి ఆపే పట్టీలు, వేస్తూ మంగీలాల్ మూడు చక్రాలు పూర్తిచేశాడు. నాలుగోది, ఈ ముందు ఎడమది, విప్పి లైనర్లు బిగించి, పెట్రోలు గుడ్డతో తళతళా తుడిచాడో లేదో, భారతమ్మ పిలిచేసింది, పొద్దు గూకుతోంది, ఇక పానా కింద పెట్టమని. పెట్టేశాడు. చక్రం, డ్రమ్ము గోనెపట్టా మీద, లైనర్లు బండికి తెరుచుకుని, అలా వదిలేసి పోయాడు. దసరా పొద్దున వచ్చేసరికి డ్రమ్ముకు బొట్టుంది. వెంకటరామారావు తొందర చేస్తున్నాడు, పండగ పూట తొలి పరుగు తీయాలని. మామూలుగానైతే మంగీలాల్ మూసే ముందు మళ్లీ ఒకసారి తుడుస్తాడు. ఆ రోజు గుడ్డ చేతిలోకి తీసుకుని, బొట్టు చూసి, మళ్లీ కింద పెట్టేశాడు. దేవుడి బొట్టును పెట్రోలు గుడ్డతో తుడుస్తారా ఎవరైనా? చెరగకుండా డ్రమ్మును అంచులు పట్టుకుని ఎత్తి, మెల్లగా తొడిగేశాడు. లోపల చూడలేదు. నిన్న తనే తుడిచింది కదా.

ఇప్పుడు చెక్క సుత్తితో చుట్టూ తట్టి డ్రమ్ము ఊడదీసి, వెలుతురు పడేలా వాకిలి వైపు గోనెపట్టా మీద వెల్లకిలా పెట్టాడు.

లైనర్లు నల్లగా మాడి ఉండాలి. లేవు. చెప్పుల అట్టకు మైనం పట్టినట్టు మెరుస్తున్నాయి. ఆ మెరుపు కింద ఎరుపు. డ్రమ్ము లోపలి అంచు వెంబడి కూడా ఎర్రటి జిడ్డు, వేడికి పారి, చుట్టూ తిరిగి గట్టిపడింది. మంగీలాల్ వంగి వాసన చూశాడు. బ్రేకు నూనె వాసన కాదు. గ్రీజు కాదు. నువ్వులనూనె.

సిందూరం. భద్రాచలంలో ఆంజనేయస్వామికి పూసేది. నువ్వులనూనెలో కలిపి ఆకుదొప్పలో పెట్టి ఇస్తారు.

చల్లగా ఉన్నంతసేపూ ఆ కాస్త నూనె ఏమీ చెయ్యదు. ఆ దసరా పరుగులో కొత్తగూడెం దాకా బ్రేకు పెద్దగా తొక్కే పని లేదు. దుమ్ముగూడెం మలుపుల్లో తొక్కి తొక్కి వేడెక్కించాక కరిగి లైనరంతా పాకి ఉంటుంది. నూనె పూసిన లైనర్ ఇనుమును పట్టుకోదు. పిల్లకాయకు కూడా తెలుసు ఆ సంగతి.

పద్దెనిమిది రోజుల తర్వాత మంగీలాల్ ఛాతీలో ఏదో కదిలింది. సంతోషం అందామంటే నోరు రాదు. ఊపిరి, అంతే. ఒక్క నిండు ఊపిరి. తన చేయి కాదు. నట్టు వదులు కాలేదు, లైనర్ తప్పుగా పడలేదు. ఈ ముక్క తల్లికి చెప్పొచ్చు. చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించొచ్చు, చూడు యాడీ, నేను కాదు అని. తుడవకపోవడం తన తప్పే, అది ఎప్పటికీ ఉంటుంది. కానీ ఆ తప్పుతో బతకొచ్చు.

అతను తలెత్తి భారతమ్మను చూశాడు. పూజ చేసింది ఆమే. ఆమె ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయి ఉంది.

అప్పుడే చెంచురామయ్య, బండి అవతలివైపు చూస్తున్న ఇన్‌స్పెక్టర్‌ను ఇంట్లోకి పిలిచాడు, టిఫిను చల్లారిపోతోందని. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుని, దేన్నీ కదపొద్దని మంగీలాల్‌కు చెప్పి, వెళ్లాడు. కర్ర ఊతంతో వెంకటరామారావు కూడా లేచి కుంటుకుంటూ వెళ్లిపోయాడు. చెట్టును గుద్దుకున్న ఆ బండి దగ్గర ఉండలేడు అతను.

భారతమ్మ పోలేదు. దగ్గరికొచ్చి డ్రమ్ములోకి చూసింది.

"దీనివల్లేనా మంగీ?" అని అడిగింది.

"అవ్ అమ్మా. నూనె."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె అన్నది విని మంగీలాల్ చేతిలోని సుత్తి కింద పెట్టాడు.

"నేను పైన డ్రమ్ముకే పెట్టాను నాయనా. లోపలున్నవి నేను ముట్టలేదు. పొద్దుగూకాక మీ అమ్మ వచ్చింది. ఇంత సిందూరం ఇమ్మని దొప్ప చేత్తో పట్టుకుంది. మా చిన్నోడు కూసునే దిక్కు చక్రానికి నా చేత్తో పెడతానంది. నేనే ఇచ్చాను. చక్రం విప్పి ఉంది గదా, ఆవిడకేం తెలుసు, లోపల మెరుస్తా కనపడినదానికల్లా రాసింది. దొప్పంతా రాసి, దణ్ణం పెట్టుకుని పోయింది."

మంగీలాల్ ఛాతీలో కదిలింది మళ్లీ ఆగిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదైనా నొప్పి తెలుస్తుంది. ఇది తెలియలేదు. లైనర్ వైపు చూశాడు. జిడ్డు కింద, పైఅంచున, వేడి తగలని చోట, మూడు వేళ్ల గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి. సన్నటి వేళ్లు. చిన్నప్పుడు తనకూ తమ్ముడికీ జ్వరమొస్తే నుదుటిమీద విభూతి రాసిన వేళ్లు.

"నేనే పెట్టానని చెబుతాను" అంది భారతమ్మ. "ఇన్‌స్పెక్టరుకీ చెబుతా, ఆయనకీ చెబుతా. నా కొడుకు బతికాడు. నాకు నాలుగు మాటలు పడ్డా ఫరవాలేదు. ఆ తల్లికి మాత్రం తెలియకూడదు."

మంచి మనసే ఆమెది. కానీ మంగీలాల్ అప్పటికే ఇంకో అడుగు ముందుకు ఆలోచించాడు. ఎవరు పెట్టారన్నా ఒకటే. సిందూరం వల్ల బ్రేకు పట్టలేదు అన్న ఒక్క మాట ఈ షెడ్డు దాటితే చాలు. సాయంత్రానికి తండాకు చేరుతుంది. గోరికి తన చేతిలో దొప్ప గుర్తులేదా? వింటుంది, ఒక్క నిమిషం కూర్చుంటుంది, అర్థం చేసుకుంటుంది. ఆ తర్వాత ఆమె బతుకుతుందా?

"అమ్మా, ఆ పేరే రావొద్దు. మీరు లోపలికి పోండి. నాకు ఇడిచిపెట్టున్రి" అన్నాడు.

ఆమె కదలలేదు. బయట చెప్పుల చప్పుడైంది.

* * *

ఇన్‌స్పెక్టర్ మూతి తుడుచుకుంటూ వచ్చి, పెన్ను తీసి, లైనర్ల ముందు వంగాడు. వెనకనే చెంచురామయ్య.

సరిగ్గా అప్పుడే షెడ్డు వాకిట్లో వెలుగు తగ్గింది. అద్దాల రవిక, చేతుల నిండా తెల్ల గాజులు, నెత్తిన గుడ్డ మూట. గోరి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడని చాంది చెప్పగా విని, రెండు జొన్నరొట్టెలు కాల్చి, మిరపకారం పెట్టి, మూట కట్టుకుని, మైలున్నర నడిచి వచ్చింది. పద్దెనిమిది రోజుల్లో పెద్దకొడుకు కోసం ఆమె చేసిన మొదటి పని అది. ఎందుకు చేసిందంటే, పట్నం నుంచి వచ్చిన చదువుకున్న మనిషి చక్రం విప్పి చూసి, ఈ పిల్లాడి తప్పు కాదు అని ఇవాళ అంటాడని ఆమెకు ఆశ. తల్లి కదా. కోపం ఎంతున్నా, లోపల ఎక్కడో కొడుకు చేతిని నమ్ముకునే ఉంది. ఎవరో ఒకరు ఆ మాట అనాలి, అంతే. ఆ మాట విని, మూట విప్పి, కొడుకుకు పెట్టి, అప్పుడు ఏడుద్దామని వచ్చింది.

ఇదంతా ఆమె చెప్పలేదు. మూట దించి, మంగీలాల్ పక్కన, అతని పానాల పెట్టె మీద పెట్టింది. మంగీలాల్‌కు అర్థమైపోయింది.

"ఈ ఎర్రగున్నదేంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, పెన్ను కొసతో లైనర్ గీకుతూ.

భారతమ్మ నోరు తెరిచింది. మంగీలాల్ ఆమెకంటే ముందు అందుకున్నాడు.

"రంగు సార్. బండి అడుగుకు తుప్పు పట్టకుండ ఎర్రరంగు కొట్టిన. నూనె చేతులు, రంగు చేతులు, అట్లనే లైనర్ పట్టుకున్న. కడుక్కోలే."

"తుడిచినవా మూసేముందు?"

"తుడవలే."

"మెకానిక్కువు, నీకు తెల్వదా, లైనర్‌కు జిడ్డు తగిలితే ఏమైతదో?"

"ఎరికే సార్. పండగ తొందరల మర్చిపోయిన. తప్పు నాదే."

చెంచురామయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. భారతమ్మ భర్త వైపు, మంగీలాల్ వైపు, చివరికి గోరి వైపు చూసి, తెరిచిన నోరు మూసుకుంది. మింగలేక కక్కలేక ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్‌స్పెక్టర్ రాసుకుంటున్నాడు. రాసింది పైకి చదివి వినిపించాడు, మెకానిక్ నిర్లక్ష్యం అని. అట్ట ముందుకు చాపి, చివర్న సంతకం పెట్టమన్నాడు. రేపు పోలీస్ స్టేషన్‌కు రావలసి ఉంటుందన్నాడు. మంగీలాల్ చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు.

గోరికి తెలుగు బాగానే వచ్చు. అంతా విన్నది.

పెట్టె దగ్గరికొచ్చి, తను పెట్టిన రొట్టెల మూట మళ్లీ చేతిలోకి తీసుకుంది. ముడి ఊడిందేమో అన్నట్టు ఒకసారి బిగించింది. నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగింది. మంగీలాల్ ఆమె గాజుల చప్పుడు వింటూ నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. పోనీ, అనుకున్నాడు. నామీద కోపంతోనైనా బతికి ఉంటుంది. అతనికి ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడమే మంచిదనుకున్నాడు.

గాజుల చప్పుడు ఆగిపోయింది.

వాకిలి పక్కన, గోనెపట్టా మీద, అతను ఊడదీసి పెట్టిన డ్రమ్ము వెల్లకిలా పడి ఉంది. ఎండ నేరుగా అందులో పడుతోంది. గోరి దాని ముందు నిలబడి ఉంది. ముక్కుపుటాలు అదిరాయి. నెత్తిన మూట అలాగే ఉంచుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, మెల్లగా మోకాళ్ల మీద కూర్చుంది. రెండో చేయి చాపి డ్రమ్ము లోపలి అంచును చూపుడువేలితో ఒకసారి రాసింది.

"యాడీ" అన్నాడు మంగీలాల్. "ముట్టకు. అది రంగు."

ఆమె వినిపించుకోలేదు. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది.